అవ్వ అరువు తెచ్చిన పండుగ

నా చిన్నప్పుడు చిక్కబళ్ళాపురం పాతపేటలో ఉన్న మా గుడి మూతపడే దాకా వచ్చింది. గుడి అంటే మరియమాత గుడి. మేము కతోలికులం. ఇంట్లో తెలుగు, పూజలో కన్నడ, కోపమొస్తే రెండూ. చుట్టూ అంగళ్లు, పూలమండీ, బండ్ల చప్పుడు, వాటి నడుమ మా గుడి. మూతపడటమంటే తలుపుకు తాళం వేసేస్తారని కాదు. ఫాదర్‌ను చింతామణికి మార్చి, ఇక్కడ నెలకొక్కసారి మాత్రం పూజ పెడదామని బిషప్ గారి దగ్గర మాట నడుస్తోంది. ఆదివారం వచ్చేవాళ్లతో ముందు బెంచీలు కూడా నిండటం లేదు మరి. ఆ ఏడు మాత పండుగకు బిషప్ గారి తరఫున ఒక పెద్ద ఫాదర్ వచ్చి, కళ్లారా చూసి, ఏదో ఒకటి తేలుస్తారన్నారు.

ఆ మాట విన్నప్పటి నుంచి మా అవ్వకు అన్నం సహించలేదు. పొద్దున పూజ లేనిదే ఆమెకు రోజు మొదలయ్యేది కాదు. చింతామణికి బస్సెక్కి పోయివచ్చే ఓపికా ఆమెకు లేదు. మా తాత పోయిన తర్వాత ఆమెకు పుట్టిల్లూ మెట్టినిల్లూ ఆ గుడే. చిమ్మేది ఆమె, పూలు పెట్టేది ఆమె, స్టోరు గది తాళంచెవి ఉండేదీ ఆమె నడుము దగ్గరే.

జనం ఎవరితోనో పోట్లాడి గుడి మానేయలేదు. పూర్వం ఎవరి చాప వాళ్లు తెచ్చుకుని కూర్చునేవాళ్లట. పండుగ వంటకు ఇంటింటి నుంచి అండాలు, గంగాళాలు వచ్చేవట. తర్వాత ఎవరో పుణ్యాత్ములు దూరం నుంచి సాయం చేస్తే గుడికి బెంచీలొచ్చాయి, మైకొచ్చింది, స్టోరు గది నిండా వంటసామాను వచ్చింది. మంచి రోజులొచ్చాయని అందరూ సంతోషించారు. కొన్నేళ్లకు కొందరు రైలుకట్ట అవతల ఇళ్లు కట్టుకున్నారు. కొందరికి ఆదివారం పూట పని పడింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరు మానేసినా గుడిలో ఏ పనీ ఆగలేదు. తాము లేకపోతే ఏమీ ఆగదని తెలిసిన చోటికి మనుషులు ఎందుకు పరుగెత్తుకొస్తారు?

పండుగకు ముందు ఫాదర్ ఉన్న నలుగురినీ కూర్చోబెట్టి, గుడిని మళ్లీ నిలబెట్టాలంటే ఏమేం చేయాలో చెప్పమన్నారు. గోడలకు సున్నం కొట్టించాలని ఒకరన్నారు. గంట మార్పించాలని ఇంకొకరు. బెంగళూరు నుంచి మంచి ప్రసంగీకుణ్ని పిలిపిస్తే జనం విరగబడతారని మరొకరు. ఫాదర్ అన్నిటికీ తలూపారు గానీ ఆయన ముఖంలో కళ లేదు. మా అవ్వ మాత్రం మాట్లాడలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆమె మౌనంగా ఉందంటే మనసులో ఏదో తిరుగుతోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గుడి ముందు ఒక లారీ బయలుదేరుతోంది. స్టోరు గది ఊడ్చిపెట్టినట్టుంది. ఒక్క గంటె కూడా మిగల్లేదు. ఫాదర్ పరుగున వచ్చారు. ఆయన మంచి మనిషి, గొంతు పెంచడం చేతకాదు.

“అవ్వా, పండుగ పెట్టుకోని సామాన్లంతా యాడికి పంపిస్తివి?”

“గుడిబండె పక్క పల్లెలో మనోళ్లు ఉండారు కదా సామీ. వాళ్లకీ పండగే. అడిగినారు, ఇచ్చినాను.”

“మరి మనకి?”

“మనమూ అడుగుదాము” అంది అవ్వ.

అన్నదే తడవు నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. మొదట రైల్వేలో పనిచేసే ఒకాయన ఇంటికి పోయాము. ఆ ఇంటివాళ్లు గుడి గడప తొక్కి ఏళ్లయింది. మమ్మల్ని చూడగానే ఆ ఇంటావిడ కుర్చీ వేసి, అడక్కముందే సంజాయిషీ మొదలుపెట్టింది. పిల్లల చదువులు, మామకు పక్షవాతం, రైలుకట్ట దాటి రావాలంటే ఎంత దూరమో. అవ్వ అంతా విని, తాపీగా, “మీ అత్త నాటి ఇత్తడి అండా ఉండాది కదమ్మా, పండగ వంటకి అది కావల్ల” అంది. ఆవిడ తిట్లకు సిద్ధపడి ఉంది గానీ ఈ మాటకు కాదు. లోపలికి పోయి అటక మీది అండా దింపించింది. చింతపండు పెట్టి తోమి మరీ పంపిస్తానంది. మేము మెట్లు దిగుతుంటే వెనక నుంచి, దాన్ని మసి పట్టనివ్వకుండా బయట మట్టి పూయాలని కేకేసి చెప్పింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇళ్ల వెంట పడి గిన్నెలు అడుక్కోవడమేమిటని నా బాధ. దారిలో ఉండబట్టలేక అడిగేశాను, నేరుగా పూజకు రమ్మని ఎందుకు పిలవవని.

“రమ్మంటే రాలేనిదానికి నూరు కారణాలు చెప్తారు. అండా ఇమ్మంటే ఏం చెప్తారు?” అంది అవ్వ.

తర్వాత ఒక రిటైరైన మేష్టారి ఇల్లు. ఒకప్పుడు గుడిలో పాటలు పాడించింది ఆయనే. మైకొచ్చాక కుర్రవాళ్లు పాడుతున్నారని ఆయన అలిగి ఇంట్లో కూర్చున్నారు. అవ్వ ఆయన హార్మోనియం అడిగింది. ఇవ్వడానికేం, వాయించేదెవరని ఆయన మూతి బిగించారు. “అది నాకేం తెలుసప్పా, పెట్టె మాత్రం కావల్ల” అంది అవ్వ. ఆ పెట్టె మీద ఇంకొకరి చెయ్యి పడుతుందన్న ఊహకే ఆయన ముఖం ఎర్రబడటం నేను చూశాను. బయటికొచ్చాక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ సాయంత్రం చివరగా పోయింది పూలమండీ వెనక సందులో ఒంటరిగా ఉండే ఒకామె ఇంటికి. ఒకటే గది. మూరలెక్కన పూలు కట్టి బతికేది. మేము ఎందుకు తిరుగుతున్నామో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. మమ్మల్ని చూడగానే కళ్లు దించేసుకుని, “నా కాడ ఏముండాదమ్మా ఇచ్చేకి” అంది. అంతటితో లేచి వచ్చేస్తామనుకున్నాను. ఆ గదిలో నిజంగానే ఏమీ లేదు. అవ్వ మంచినీళ్లడిగి తాగి, పొయ్యి వైపు చూసి, “ఆ సంగటి తెడ్డు ఇయ్యి. అంత మందికి సంగటి గెలకల్లంటే అట్లా గట్టిది కావల్ల” అంది. ఆమె ఆ తెడ్డును చేతిలోకి తీసుకుంది గానీ ఇవ్వలేదు. పండుగనాడు తానే తెస్తానంది. అప్పుడు ఆమె గొంతు వేరుగా ఉంది. ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు తడుస్తాయి.

పండుగనాడు పొద్దున్నే గుడి ఆవరణలో పొయ్యిలు తవ్వారు. సామాను ఒక్కటొక్కటే వచ్చింది. సామాను వెంట మనుషులూ వచ్చారు. మా ప్రాంతపు ఆడవాళ్లు పేరు చెక్కించుకున్న అండాను పరాయి పొయ్యి మీదికి ఇచ్చి ఇంట్లో కూర్చోలేరు. అడుగంటిస్తారేమో, సొట్ట పెడతారేమో, ఇంకెవరింటికైనా మార్చి పంపేస్తారేమో అని ప్రాణం కొట్టుకుంటుంది. రైల్వే ఆయన భార్య తన అండా పక్క నుంచి కదల్లేదు. “అడుగంటితే నేనే కదా తోముకోవల్ల” అంటూ గంటె ఆమే అందుకుంది. ఆమె కోసం భర్త, అమ్మ కోసం పిల్లలు వచ్చారు. మేష్టారు హార్మోనియం పక్కన కాపలాకని కూర్చుని, కుర్రవాడొకడు మెట్లు నొక్కబోతే చెయ్యి తోసేసి తానే పాట ఎత్తుకున్నారు. పూలు కట్టే ఆమె రెండు కాళ్ల మధ్య గంగాళం బిగించి సంగటి గెలుకుతుంటే, ఆడవాళ్లంతా ఉప్పెంత, పిండెంత అని ఆమెనే అడిగారు.

పెద్ద ఫాదర్ పూజ చెప్పి, పంక్తిలో కూర్చుని తిన్నారు. బెంచీలు చాలక జనం కింద చాపల మీద కూర్చోవడం ఆయన చూశారు. పోతూ పోతూ మా ఫాదర్ భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడే ఉండండి అన్నారు. మా అవ్వ ఆ మాట విని గోడకు ఆనుకుని కూలబడింది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోతే, కాళ్లు నొప్పులు, పట్టు అంది.

అక్కడితో ఆమె ఊరుకోలేదు. అండాలు మర్నాడే పంపించేయమని ఫాదరంటే, తోమి వరండాలో బోర్లించి పెట్టింది. ఆదివారం వచ్చినవాళ్లు ఎవరివి వాళ్లు తీసుకుపోతారంది. వచ్చారు, పూజ విన్నారు, తీసుకుపోయారు. గుడిబండె పక్కకు పోయిన సామాను మాత్రం మళ్లీ రాలేదు. ఫాదర్ గుర్తుచేస్తే, “వాళ్లకే ఉండనీ సామీ. మనకి కొరత ఉండల్ల. ఏ కొరతా లేని ఇంటికి చుట్టాలొస్తారు గాని సొంతోళ్లు రారు” అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకపోతే పెట్టే చెయ్యి పెట్టడం మరచిపోతుందని మా అవ్వ నాకు నేర్పింది.

ఇప్పుడు నేను అవ్వనయ్యాను. పాతపేట అంతా మొబైల్ అంగళ్లు, మావాళ్లంతా హైవే పక్క లేఅవుట్లలో. బెంచీలు మళ్లీ ఖాళీగా కనబడుతున్నాయి. ఈ మధ్య మా చిన్న ఫాదర్ మీటింగు పెట్టి, రాబోయే సంవత్సరాలకు మన గురి ఏమిటని అడిగారు. పిల్లలు పెద్ద తెర పెడదామన్నారు, పూజను ఫోన్లో చూపిద్దామన్నారు. పెట్టనివ్వండి, నేను వద్దనను. కానీ గుడి మన కోసం ఏం చేయాలన్నదే చెప్పుకుంటూ పోతే ఎట్లా, గుడి ఎవరిని ఏం అడగబోతోందో కూడా చెప్పండి అన్నాను. ముసలిదాని మాట అని నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి.

మా వీధి చివర అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయి ఉంది. ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఉద్యోగం. కొత్తలో రెండు మూడు ఆదివారాలు గుడికి వచ్చి, ఎవరూ పలకరించకపోతే మానేసింది. నన్ను గుడికి తీసుకుపోవడానికి ఆటో మాట్లాడతానని నా కూతురు ఎప్పటి నుంచో పోరుతోంది. నేను ఒప్పుకోలేదు. మొన్న శనివారం పోయి ఆ అమ్మాయి ఇంటి బెల్లు కొట్టాను. “మోకాళ్లు నొప్పమ్మా, నడిచేకి కాదు. రేపు నీ స్కూటీ మీద నన్ను గుడికి తీస్కపోతావా?” అన్నాను.

ఆ పిల్ల ఫోన్ తీసి అలారం తెరిచింది. “ఎన్ని గంటలకి రావల్ల అవ్వా?” అంది.

పూజ ఏడున్నరకి, నువ్వు ఏడుకే రా అన్నాను.