ఓనర్ ఆంటీ శనిని చూసిన సాయంత్రం

మా చిన్నప్పుడు... చలికాలం సాయంత్రం ఏడయ్యిందంటే చాలు, బోయిగూడలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద అక్క టెలిస్కోప్ ముందు ఒక కన్ను మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేది.

నాన్న కొనిచ్చిన చిన్నది అది. మూడు కాళ్లూ వణికేవి... పక్కన నేను కాస్త కదిలినా చుక్కలన్నీ గంతులేసేవి. "కుదురుగ నిలబడవే!" అని అక్క కసిరేది.

ఒకరోజు ఓనర్ ఆంటీ దడదడా మెట్లెక్కి వచ్చింది. చేతిలో తాళంకప్ప!

"ఏందే, దుర్బీన్ పెట్టి ఎవరిండ్లల్లకు చూస్తున్నరు? ఎదురింటామె పరేషాన్ అయితున్నది. రేపటి సంది పైకి రావద్దు!"

ఎవరితోనూ నోరు విప్పని అక్క ఎలా ధైర్యం చేసిందో మరి...

"ఇండ్లల్లకు కాదాంటీ... శనిని చూస్తున్నం."

ఆంటీ రెండడుగులు వెనక్కి వేసింది. "శనినా! వద్దమ్మా. ఆయన కంట్ల పడొద్దనే గద, శనివారం శనివారం దీపం పెడుతున్న!"

"ఒక్కసారి చూడండి ఆంటీ. తర్వాత తాళం వేసుకోండి."

ఏమనుకుందో ఏమో, కొంగు నడుముకు దోపి వంగింది. అక్కలాగే ఒక కన్ను మూసుకుంది...

"అయ్యో... ఉంగరం తొడుక్కున్నడే! ఇంత చిన్నగ, ముద్దుగ... గీయనకా నేను ఇన్నేండ్లు భయపడ్డది?"

పకపకా నవ్వి, పిట్టగోడ దగ్గరికి పోయి కేకేసింది. "ఓ వదినా, జెర పైకి రా! శని ఎట్లున్నడో చూద్దువు!"

ఫిర్యాదు చేసిన ఎదురింటావిడే ఇద్దరు పిల్లలతో వచ్చేసింది. శనిని చూశాక, అక్క ఆ దగ్గర్లోనే ఉన్న కృత్తికల గుంపు చూపించింది. ఉత్త కంటికి ఆరే చుక్కలు... అందులోంచి చూస్తే లెక్కే తేలదు.

"మా ఊర్ల దీన్ని పిల్లలకోడి అంటరు," అందావిడ కన్ను తీయకుండా. "గిన్ని పిల్లలున్నయని ఎవరికెరుక!"

మర్నాటి నుంచి డాబా తాళంచెవి అక్క దగ్గరే ఉండేది. ఆ చలికాలమంతా మా డాబా మీద తిరునాళ్లే... పళ్లెంలో పల్లీలు, వంతుల కోసం కొట్లాటలు, శని అద్దంలోంచి జారిపోగానే "పోయిండు, పోయిండు, మళ్ల పట్టు!" అని అరుపులు...

ఇప్పుడు మారేడ్‌పల్లిలో ఐదో అంతస్తులో ఉంటున్నాను. ఫోన్‌లో శని ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా కనిపిస్తాడు. చూడగానే ఎవరినో ఒకరిని పిలవాలనిపిస్తుంది... ఎదురు ఫ్లాట్‌వాళ్ల పేరే తెలియదు, ఏమని పిలవను?

మీ డాబా మీద మీ పక్కన ఎవరుండేవారు? చెప్పరూ... ఈ సాయంత్రం వాళ్ల సంగతులే విందాం.