నా బూటు దాటిన అడవి

ముందే ఒప్పుకుంటున్నాను: పిల్లి కనబడితే పులి అని చెప్పే జబ్బు నాకుంది. మా ఆవిడ నా మాటల్ని మూడుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి.

మేముండేది ఐర్లండ్‌లో, నేస్ ఊరి చివర. పెరటి వెనక పాత రాతిగోడ, దానవతల ఓ ముసలి రైతు పొలం. ఆయన చిన్నప్పుడు గోడ దాకా చిత్తడి అడవేనట, నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడే ఆల్డర్ చెట్లతో. వాళ్ల నాన్న కాలువ తవ్వి నీళ్లు తోడేసి గడ్డి పెంచాడు. అడవి ఓ మూలకి నక్కింది. నాలుగేళ్ల కిందట ఈయన ఆ కాలువకి అడ్డుకట్ట వేసి, "నేను చచ్చేలోగా అడవి మళ్లీ గోడ దాకా రావాలి" అన్నాడు.

అప్పుడే ఆ అడవి చూపిస్తానని నన్ను తీసుకెళ్లాడు. అడవి అంచున నేను ఆగి, నేలెలా ఉందని అడిగితే "గ్రాండ్!" అన్నాడు. గ్రాండ్ అంటే మనకి పెళ్లి రిసెప్షను. ఇక్కడివాళ్లకి "పర్లేదు, చావవులే" అని. దర్జాగా అడుగేశాను. మెడ దాకా దిగిపోయాను. ఆయన లాగితే నేనొచ్చాను, కుడి బూటు రాలేదు.

ఈ వసంతంలో, పొలంలో సగం వాటా ఉన్న ఆయన తమ్ముడు తేల్చేశాడు: "కప్పలు తప్ప ఏం పెరిగాయి? చెట్లు ముందుకి రాకపోతే కట్ట తెంచి గొర్రెల్ని తోలతాను."

మోకాలి ఆపరేషనై ముసలాయన కదల్లేడు. "నువ్వెళ్లి చూసి, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. ఆ పనికి ఐర్లండ్ మొత్తంలో నాకంటే పనికిరానివాడు లేడు. అందుకే మా ఆవిడ కూడా బయల్దేరింది. వార్డులో మాత్రలు లెక్కపెట్టే నర్సు.

బూటు అక్కడే ఉంది, నాచు పట్టి. ఒకప్పటి అడవి అంచు అదే. ఇప్పుడు దాన్ని దాటి, గోడ వైపు, నా ఛాతీ ఎత్తున లేత ఆల్డర్లు.

"నలభై!" అన్నాను.

"ఏడండీ."

"పిల్లమొక్కలు కూడా కలుపుకుంటే..."

"కలుపుకునే ఏడు. నోరు మూసుకుని మళ్లీ లెక్కపెట్టండి."

పెట్టాను. ఏడే.

ముసలాయన వంటింట్లో తమ్ముడు చేతులు కట్టుకు కూర్చున్నాడు. నలభై నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "బూటు దాటి ఏడు" అన్నాను.

తమ్ముడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఈయన నోట ఏడు అని వచ్చిందంటే, నిజంగానే ఉన్నాయన్నమాట. సరే, కట్ట ఉండనీ."

"గ్రాండ్" అన్నాడు ముసలాయన, కళ్లు తుడుచుకుంటూ. ఈసారి మాత్రం అది పెళ్లి రిసెప్షనే.

ఇందులో నేను కల్పించింది ఆ మెడ సంగతే. దిగింది చీలమండ దాకా. ఆయన లాగనూ లేదు. నేనే హడిలిపోయి, బూటొదిలేసి పరిగెత్తాను.