పాట అయ్యేదాకా ఆపిన కబురు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో తెలియదు. మా సంఘంలో తెలియదు. కట్టుకున్న మనిషికే చెప్పనిది ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. అలా అయితేనే నోరు పెగిలేలా ఉంది.

మాది రాజోలు దగ్గర, గోదావరి పాయ పక్కన ఊరు. నేను బడిలో పాఠాలు చెబుతాను. మా క్రైస్తవ ప్రార్థన మందిరంలో సంఘ కార్యదర్శిని, పాటల బృందాన్ని నడిపేది కూడా నేనే. అందరూ మాస్టారూ అంటారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం. ఆ ఇష్టమే నా కొంప ముంచిందని రాద్దామనుకున్నాను. కాదు, మునిగింది నా కొంప కాదు.

మా సంఘంలో సగం మంది పాయకి అవతల లంకలో ఉంటారు. మధ్యలో కాజ్‌వే, అంటే పాయ మీద వేసిన పల్లపు రోడ్డు, ఒక్కటే దారి. వరద రోజుల్లో ఆదివారం అందరూ ఆరాధనకి వచ్చేస్తే లంకలో నీటిని చూసేవాళ్లు ఉండరని మాకొక కట్టుబాటు ఉంది. వంతు ప్రకారం ఒక ఇంటివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఏటి కాపలా అంటాం. మందిరంలో అందరూ ఫోన్లు ఆపేస్తారు. ఒక్క కార్యదర్శి ఫోను మాత్రం చప్పుడు లేకుండా జేబులో పనిచేస్తూ ఉంటుంది. నీళ్లు కాజ్‌వే అంచుకి వస్తున్నాయంటే కాపలా మనిషి ఆ ఫోనుకి చెప్పాలి. కార్యదర్శి లేచి అందరికీ చెప్పాలి. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే ఏర్పాటు.

ఆ ఆదివారం మందిర వార్షికోత్సవం. అమలాపురం నుంచి ప్రసంగీకుణ్ణి పిలిచాం. వెనక పందిట్లో వంటలు జరుగుతున్నాయి. నా బృందం వేసవి నుంచీ నేర్చుకున్న పాట ప్రసంగం తర్వాత పాడాలి. కాపలా వంతు కరుణది. కువైట్‌లో చాలాకాలం పనిచేసి తిరిగొచ్చి, లంకలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న మనిషి. నాకు చెల్లెలి వయసు, అన్నయ్యగారూ అని పిలిచేది. పండగ పూట ఇంట్లో ఉండిపోవాల్సి వచ్చినా ఏమీ గొణగలేదు.

ప్రసంగం చివరికొస్తుండగా జేబులో ఫోను వణికింది. వరండాలోకి వెళ్లి ఎత్తాను. నీళ్లు జోరుగా పెరుగుతున్నాయని, కాజ్‌వే ఇక ఎంతోసేపు ఆగదని, ఇళ్లలో ఉన్న ముసలివాళ్లని దాటించాలంటే మనుషుల్ని వెంటనే పంపమని చెప్పింది. సరే, ఇప్పుడే చెబుతాను అన్నాను.

చెప్పలేదు.

లోపలికి వచ్చేసరికి బృందం లేచి నిలబడి నా చేతి సైగ కోసం చూస్తోంది. ఇప్పుడు చెబితే సగం మంది లేచి పోతారు. పాట ఎవరు వింటారు? ఒక్క పాటే కదా, ఈలోగా ఏమవుతుంది అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అలా అనుకుంటే హాయిగా ఉంటుందని అనుకున్నానా? ఎన్నిసార్లు అడిగినా నాకు ఒకటే జవాబు వస్తుంది. ఆ క్షణంలో నా కంటికి నీళ్లు కనపడలేదు, అమలాపురం నుంచి వచ్చిన పెద్దమనిషి మెచ్చుకోలే కనపడింది. పాట అయ్యింది. కానుకలు పట్టారు. ఆ మధ్యలో లేవడం అమర్యాద అనిపించింది. తర్వాత అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పెద్ద ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో నోరెత్తినవాడు మా సంఘంలో లేడు. ఆశీర్వాదం కూడా అయిపోయాకే చెప్పాను.

జనం పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. అప్పటికే కాజ్‌వే మీద ఎర్రనీరు పొంగి పారుతోంది, కాలు పెడితే లాగేసేలా ఉంది. పడవలు వచ్చేసరికి సాయంత్రమైంది. అవతల కరుణ ఒక్కతే చేతనైనంత మందిని బడి మేడ మీదికి ఎక్కించింది. చివరింట్లో ఉన్న సారమ్మగారి దగ్గరికి ఆమె వెళ్లేలోగా ఆవిడ నీళ్లలో కాలుజారి పడిపోయారు. ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. సారమ్మగారు మళ్లీ తన కాళ్ల మీద నడవలేదు.

గట్టు మీద ఆవిడ కొడుకు నన్ను అడిగాడు, కబురు ముందే రాలేదా అని. అందరూ నా వైపే చూస్తున్నారు. ఫోను వచ్చింది గానీ మాట సరిగ్గా వినపడలేదు, భోజనాల గురించేమో అనుకున్నాను అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. మాస్టారు చెప్పాక ఇంకేముంది. నింద కరుణ మీదికి పోయింది. మాట అందిందో లేదో చూసుకోవద్దా అన్నారు. మళ్లీ ఒకసారి చేస్తే చేతులు అరిగిపోతాయా అన్నారు. నేను సరే అన్నానని ఆమె చెప్పింది. ఎవరూ నమ్మలేదు. సారమ్మగారి ఇంటివాళ్లు ఆమెతో మాట మానేశారు. గుడ్డలు కుట్టమని ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. కొన్నాళ్లకి కొత్తపేట వైపు అక్కగారి ఊరికి వెళ్లిపోయి అక్కడి మందిరంలో చేరింది. ఆమె వెళ్లిన రోజున నేను ఊళ్లోనే ఉన్నాను. గడప దాటలేదు.

తర్వాత నేనేం చేశానో వింటే నవ్వుతారు. వరదల్లో సాయం చేయడం నేర్పే మనిషినయ్యాను. పశ్చాత్తాపం అందామా? కొంత అదే. కొంత, మళ్లీ నలుగురి ముందూ నిలబడాలన్న యావ. ఒక సేవాసంస్థవాళ్ల దగ్గర శిక్షణ తీసుకుని, చుట్టుపక్కల మందిరాల వాలంటీర్లకి నేనే నేర్పడం మొదలుపెట్టాను. నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ముందే తెలుసుకోవడం, ఖాళీ నీళ్ల టిన్నులు తాడుతో కట్టి తెప్పలా చేయడం, దుప్పటి, రెండు గెడలతో మనిషిని మోయడం, జనాన్ని కంగారు పెట్టకుండా నడిపించడం. కబురు ఒకరికి కాదు, ఇద్దరికి చెప్పాలి, విన్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి అన్నది నేను పెట్టిన నియమం. అది పనిచేసింది. మొన్నటి వరదలో కాజ్‌వే మునగకముందే మా లంక మొత్తం ఇవతలికి వచ్చేసింది. సారమ్మగారిని మా వాలంటీర్లు కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. కానీ ఆ నియమం ఎందుకు పుట్టిందో చెప్పేటప్పుడు ప్రతి శిక్షణలోనూ పాత అబద్ధమే చెప్పేవాణ్ణి. కాపలా మనిషి మాట అందలేదు, అందుకని. పేరు మాత్రం చెప్పేవాణ్ణి కాదు. అది నా మంచితనం అనుకునేవాణ్ణి, చూశారా.

పోయిన వారం కొత్తపేటలో శిక్షణ. వచ్చినవాళ్లలో కరుణ ఉంది. వాళ్ల సంఘం పంపిందట. జుట్టు నెరిసింది. అందరితో అన్నట్టే నాతోనూ వందనాలండి అంది. ఆ పూట పాత కథ మింగేసి, నియమం ఒక్కటే చెప్పి ముందుకు పోయాను. భోజనాల దగ్గర పళ్లెం పట్టుకుని ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"కబురు ఇద్దరికి చెప్పాలన్నారు. ఎందుకో చెప్పలేదేంటండి, అన్నయ్యగారూ?"

పళ్లెం పక్కన పెట్టాను. "ఆ రోజు నువ్వు చెప్పిందంతా నాకు వినపడింది కరుణా. పాట కోసం ఆగేను."

"ఆయ్, వినపడిందని తెలుసండి. సరే అన్నారుగదా. ఎందుకు చెప్పలేదో, అదే తెలియలేదు ఇన్నేళ్లూ." అంది. "పాట కోసమాండి."

క్షమించమన్నాను.

"నన్నెందుకండి అడుగుతారు? నన్ను మాటలన్నది మీ మందిరంలోవాళ్లు. అక్కడ చెప్పండి."

మధ్యాహ్నం అందరి ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒకమ్మాయి లేచి, అయితే నియమాలు చాలవండి, మనకి ప్రార్థన మధ్యలో లేవడం రాదు, అది నేర్పండి అంది. ఎంత నిజం. తాళ్లు కట్టడం నేర్పాను గానీ ఇది ఎప్పుడూ నేర్పలేదు.

అప్పటికప్పుడు సాధన పెట్టాం. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఎవరైనా మధ్యలో లేచి నీళ్లొస్తున్నాయని చెప్పాలి. ఒకరు లేచి, నవ్వొచ్చి కూర్చున్నారు. ఇంకొకరు ఆమెన్ వచ్చేదాకా ఆగిపోయారు. అప్పుడు కరుణ లేచింది. నా మాటని మధ్యలోనే తెంపేసి, నీళ్లొచ్చేస్తున్నాయి, లేవండి అంది. గది మొత్తం లేచింది. నేనూ ఆమెన్ అనకుండానే ఆపేశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ తర్వాత అందరి చేతా మళ్లీ మళ్లీ చేయించింది, సిగ్గుపడ్డవాళ్లని కసిరింది. సాయంత్రానికి అందరికీ వచ్చేసింది. వాళ్లని చూస్తుంటే నాకు ధైర్యం కలిగింది. ఈ పని ఇక నా మీద ఆధారపడి లేదు.

కానీ కొత్తపేటలో చెప్పడం తేలిక. అక్కడ సారమ్మగారు లేరు. కొత్తపేట నుంచి ఈ మాట ఎవరో మోసుకొచ్చేలోగా నేనే మా మందిరంలో చెప్పాలి. వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో నాకు మైకు ఇమ్మని అయ్యగారిని అడిగాను. దేనికన్నారు. కరుణ గురించి అన్నాను. ఇస్తానన్నారు. కార్యదర్శి పదవి పోతుంది, పోనీ. శిక్షణలకి మళ్లీ పిలవకపోవచ్చు. సారమ్మగారి కొడుకు ఏమన్నా పడాల్సిందే. క్షమిస్తారని చెప్పడం లేదు. క్షమించకపోతే అదీ న్యాయమే.

ఆదివారం అనబోయేది మీ ముందు ఒకసారి అంటాను, నోటికి వస్తుందో లేదో చూసుకోవడానికి.

కరుణ ఫోను చేసింది. నేను విన్నాను. సరే అన్నాను. నా పాట అయ్యేదాకా మీ అందరి దగ్గరా దాచాను. సారమ్మగారూ, మీరు పడిపోయింది నా వల్ల. కరుణ వల్ల కాదు.

వచ్చింది.