తఖియ్యా అతికించే ఎర్ర చీటీలు

యెమెన్ రాజధాని సనాలో ఆడవాళ్ల పెళ్లి సంబరం అంటే లోపలి గుమ్మం దగ్గర తఖియ్యా ఉండాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే ఆమె పని. లోపల అందరూ ముసుగులు తీసేసి, జుట్టు విరబోసుకుని ఆడతారు. ఒక్క ఫొటో బయటికి పోతే ఎవరి కాపురమో కూలుతుంది. అందుకే ప్రతి సంచీ తడిమి చూస్తుంది. మునుపు కెమెరా దొరికితే రీలు పీకేసేది, గొడవ వదిలిపోయేది. ఇప్పుడు ఫోను వదిలి వచ్చేదెవరు? తనది బొత్తాల ఫోను. ఇతరుల ఫోన్ల వెనక కెమెరా మీద ఎర్ర చీటీ అతికించి లోపలికి పంపుతుంది.

ఈ ఏడు హాలువాళ్లు వైఫై పెట్టించారు. పాస్‌వర్డ్ గోడకే రాసిపెట్టారు మహానుభావులు. అప్పట్నుంచీ తఖియ్యా గుండెల్లో రాయి పడింది. గాలిలో పోయేదాన్ని ఎక్కడని పట్టుకోవడం?

ఓ మధ్యాహ్నం సంబరంలో పెళ్లికూతురు అర్వా. తల్లి జలీలా గుమ్మంలోనే తఖియ్యా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, మగపెళ్లివాళ్లసలే పట్టింపు మనుషులు. ఒక్క ఫొటో బయటపడిందా, పిల్లని నా ఇంటికి తోలేస్తారు."

"నేనుండగా ఈగ కూడా దాటదు. నువ్వెళ్లి పిల్లని చూసుకో."

అందరూ వచ్చేశాక తఖియ్యా ముసుగు తీసి, టీ కోసం లోపలికెళ్లింది. ఓ మూల కొత్తగా పెళ్లయిన పిల్లొకతె అర్వాకి వీపు తిప్పి, ఫోను భుజం మీదికెత్తి పట్టుకుంది. "కనిపిస్తోందా అక్కా?" అంటోంది.

చీటీ వెనక భద్రంగానే ఉంది. ఫోనుకి ముందు కూడా కెమెరా ఉంటుందని తఖియ్యాకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని ఫోన్లు!

"ఎవరితోనే?"

"మా అక్కతో పిన్నీ, హుదైదా ఊళ్లో ఉంటుంది. రాలేకపోయానని ఏడుస్తోంటే చూపిస్తున్నా. మీరు వెనకే అతికించారుగా, ముందు పర్లేదేమో అనుకున్నా."

అర్వాని ఇంకెవరు చూశారో తెలియాలి. తఖియ్యా ఫోను లాక్కుని, చూపు ఆనక మొహానికి దగ్గరగా పెట్టుకుంది. అక్క లేదు. బుగ్గల్లో ఖాత్ అనే మత్తాకు కుక్కుకుని నలుగురు మగాళ్లు కూర్చున్నారు. నలుగురూ ఇటే చూస్తున్నారు.

"మొహం కప్పుకో తల్లీ," అన్నాడు వాళ్లలో ముసలాయన, కళ్లు దించుకుని. మిగతా ముగ్గురూ దించుకోలేదు.

తఖియ్యా ఫోనుని గుండెకి అదుముకుంది. వెనక జలీలా గొంతు వినబడింది.

"ఏమైంది పెద్దమ్మా? ఎవరైనా ఫొటో తీశారా?"

"లేదే," అంది తఖియ్యా. ఫొటో ఎవరూ తీయలేదు మరి.