బాపు పేల్చేసిన పెట్రోల్ ట్యాంకు

ఈ ఆదివారం పొద్దున తలుపు తీస్తే, వర్ధన్నపేట బాబాయి తన చిన్నప్పటి టీవీ గేమ్ డబ్బాను చంకలో పెట్టుకొని నిలబడ్డాడు. నది మీదుగా, అడ్డొచ్చినవాటిని పేల్చుకుంటూ పైపైకి దూసుకుపోయే విమానం ఆట అది.

"ఆరో బ్రిడ్జి దాటినవనుకో, గిది నీకే. లేకపోతే సాయంత్రం బస్సుల నాతోనే తీస్కపోత" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఐదో వంతెన దాటడం వచ్చేసింది. చిక్కంతా కాల్చే బటన్‌తోనే. అది బిగుసుకుపోయింది. నేను విమానం నడుపుతుంటే ఇంకొకరు బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ఆ పనికి మా బాపు, అదే మా నాన్న, కూర్చున్నాడు.

సాయంత్రం చివరి ఆటలో ఆరో వంతెన కనిపించింది. అప్పటికే పెట్రోల్ అడుగంటింది. అదృష్టం, ఎదురుగా పెట్రోల్ ట్యాంకు వచ్చింది. దాని మీదుగా ఎగిరితే చాలు, నిండిపోతుంది. బాపు దాన్ని పేల్చేశాడు.

"అయ్యో బాపూ! అది మన పెట్రోలే!"

"నాకేమెరుక బిడ్డా? కనవడ్డది కొడ్తెనే గద పాయింట్లు అచ్చేది!"

విమానం వంతెన ముందే కూలింది. బాబాయి నవ్వుకుంటూ వైర్లు చుట్టుకొని బస్సెక్కాడు. 'ఉక్రోషం' అనే మాట మొన్ననే పుస్తకంలో చదివాను, అర్థం ఇవాళ తెలిసింది. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి వీరులున్నారా?

బాపు నడిపే మా బండి పెట్రోల్ అయిపోయి హనుమకొండ దారిలో మాటిమాటికి ఎందుకు ఆగుతుందో కూడా ఇప్పుడు తెలిసింది. రేపు పొద్దున కాలేజీకి బాపు బండి మీదే పోవాలి. ఎక్కేముందు ట్యాంకు మూత తీసి నేనే చూస్తాను.