మూడక్షరాల లోతు

"నేనే చచ్చిపోయి ఉంటే, నా సమాధిరాయి మీద కూడా ఆ మాటే చెక్కించేదానివా అమ్మా?"

పదిహేడేళ్ళ కూతురు మ్యూరియల్, కడిగిన ప్లేట్లు తుడుస్తూ అడిగిన ప్రశ్న అది. హెస్టర్ గాలప్‌కు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ప్లేట్లలో చాలా పగిలిపోయాయి, ఆ వంటింటి కిటికీకి రెండుసార్లు కొత్త అద్దాలు పడ్డాయి, జవాబు మాత్రం దొరకలేదు. ఎలా దొరుకుతుంది? చెక్కించేదాన్ని అంటే నమ్మకం కుదరదు. చెక్కించేదాన్ని కాదనడానికి నోరు రాదు.

ఆ మాట సంగతి చెప్పాలంటే ముందు ఆంబ్రోస్ టిజ్జర్డ్ సంగతి చెప్పాలి. ఆయన సంగతి చెప్పాలంటే ఆయన జబ్బు సంగతి చెప్పాలి. ఆయన తన జన్మలో దేన్నీ 'అన్నిటికంటే' అని అనలేదు. ఇది దానికంటే పెద్దది అంటాడు, అది దీనికంటే మంచిది అంటాడు. అక్కడితో ఆగిపోతాడు. అన్నిటికంటే పెద్దది, అందరికంటే మంచివాడు అనే మాట ఆయన నోట పలికించడానికి ఇంగ్లండు దక్షిణాన డోర్సెట్ తీరంలోని ఆ ఊరు యాభై ఏళ్ళు ప్రయత్నించి ఓడిపోయింది.

"ఏమయ్యా ఆంబ్రోస్, ఈ జిల్లా మొత్తంలో ఇంత మంచి ఆపిల్ సైడర్ ఎక్కడైనా తాగావా?" అని పబ్బు యజమాని గ్లాసు ముందుకు తోసేవాడు.

ఆంబ్రోస్ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "నిన్నటిదానికంటే బాగుంది," అనేవాడు.

"అది కాదు! అన్నిటికంటే?"

"మిగతావి తాగలేదుగా. తాగొచ్చి చెప్తా."

"అవన్నీ తాగేసరికి నువ్వు బతికుంటావా?"

"నీకంటే ఎక్కువకాలమే బతుకుతాను. నీ పొట్ట నా పొట్టకంటే పెద్దది."

వయసులో ఉన్నప్పుడు ఒకమ్మాయిని పెళ్ళి చేసుకోమని అడిగాడట. ఆ పిల్ల సంబరపడి, "నీ కళ్ళకు నేనే అందరికంటే అందగత్తెనా?" అంది. ఏ మగాడైనా కళ్ళు మూసుకుని అవుననే చోట ఈయన ఆలోచనలో పడ్డాడు. ఆలోచించి ఆలోచించి, "పోయిన ఆదివారం కంటే బాగున్నావు," అన్నాడు. ఆ పిల్ల వెయ్‌మత్ వెళ్ళి ఒక పడవల కాపలాదారును చేసుకుంది. ఈయన బ్రహ్మచారిగా మిగిలిపోయాడు.

ఇక కేకుల పోటీ ముచ్చట. చర్చి తిరునాళ్ళలో పాదిరిగారు ఆయన్ని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. గుండ్రటి బల్ల చుట్టూ పదకొండు కేకులు. ఆయన ఒక్కొక్కటీ రుచి చూసి, ఒక్కొక్క చీటీ రాసి, ఒక్కొక్క కేకు ముందు పెట్టాడు. అన్ని చీటీల మీదా ఒకటే మాట: 'ఎడమ పక్కనున్న కేకు కంటే మెత్తగా ఉంది.'

పాదిరిగారు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. "టిజ్జర్డ్‌గారూ, ఇలా అయితే ఎవరు గెలిచినట్టు?"

"ఎవరికి వాళ్ళు, పక్కవాళ్ళ మీద."

పదకొండుమంది ఆడవాళ్ళూ ఆ ఏడాదంతా ఆయనతో మాట్లాడలేదు. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకున్నారు. కేకుల పోటీ అయ్యాక ఆ ఊళ్ళో అలా జరగడం అదే మొదటిసారని ఎవరూ గమనించలేదు.

ఇంత చాదస్తం ఉన్న మనిషి వృత్తి ఏమిటో తెలుసా? సమాధిరాళ్ళు చెక్కడం. లోకంలో తాడిని తన్నేవాడొకడుంటే వాడి తలదన్నేవాడొకడుంటాడంటారు గానీ, సమాధిరాళ్ళ మీద మాత్రం అందరూ తలదన్నేవాళ్ళే. అక్కడ ప్రతి భర్తా అందరికంటే దయగలవాడు, ప్రతి తల్లీ అందరికంటే ప్రియమైనది. భర్త యుద్ధంలో చనిపోయిన ఏడాదే హెస్టర్ ఆయన రాళ్ళ షెడ్డులో పనికి చేరింది. వచ్చినవాళ్ళు చెప్పిన మాటలు రాసుకోవడం, వాటిని కాగితం మీద వరసలుగా గీసి చూపించడం ఆవిడ పని. అసలు పని వేరే. ఆయన ఏడిపించినవాళ్ళకు టీ పోసి ఓదార్చడం.

"మాట కుక్కలాంటిదండీ మిసెస్ గాలప్," అనేవాడు ఉలి నూరుకుంటూ. "ఇంగ్లీషువాడు దానికి తోకలు తగిలించాడు. 'అర్' అని పొట్టి తోక, ఇద్దరిని పోల్చడానికి. 'ఎస్ట్' అని మూడక్షరాల పొడుగు తోక, అందరినీ కిందికి తొయ్యడానికి. నోరు తిరగని పెద్ద మాటలకు తోక అతకదు, అందుకని ముందు 'మోర్' అనో 'మోస్ట్' అనో బంట్రోతును నడిపిస్తాడు. అన్నీ దర్జా కోసమే. తోక లేని కుక్కా మొరుగుతుంది."

రిడౌట్‌గారి విధవరాలు వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, 'కైండెస్ట్' అని రాయించుకోబోయింది.

"అందరికంటే దయగలవాడా? ఎంతమందిని చూసి చెబుతున్నారమ్మా?"

"నాకు తెలిసినవాళ్ళలో!"

"మీ పక్కింటి హిబ్స్ కంటే దయగలవాడా?"

"హిబ్స్‌తో పోలికేమిటండీ! ఆ పీనాసి ముక్కు చీదిన గుడ్డ కూడా ఎవరికీ ఇవ్వడు."

"అయితే అదే చెక్కుదాం. 'హిబ్స్ కంటే దయగలవాడు.' నిజం, కొలవొచ్చు, హిబ్స్ కూడా కాదనలేడు."

ఆవిడ ఏడుస్తూ ఏడుస్తూనే పక్కున నవ్వింది. భర్త పోయాక నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గుపడి, కోపం తెచ్చుకుని, 'కైండెస్ట్' అనే చెక్కాలని పట్టుబట్టింది. ఆంబ్రోస్ నిట్టూర్చి, "సరే. మీ ఇష్టం," అన్నాడు.

చివరికి ఎప్పుడూ ఆయనే ఓడిపోయేవాడు. అక్షరానికి ఇంతని కూలి తీసుకునే మనిషి అక్షరాలు తగ్గించమని పోట్లాడి, పోట్లాడి, ఓడిపోయి, అవే చెక్కేవాడు. ఒప్పుకున్నాక మాత్రం రెండు షరతులు. ఆ తోక మాట వరస చివరనే పడాలి. తోక చెక్కడం తానొక్కడే చెయ్యాలి, పనివాళ్ళెవరూ ముట్టుకోకూడదు. 'మోస్ట్' ఐతే వరస మొదట్లో పడాలి. హెస్టర్ కాగితం మీద ఎంత అందంగా సర్దినా చెరిపించి మళ్ళీ గీయించేవాడు. 'బెస్ట్' అనే మాట మాత్రం చచ్చినా చెక్కేవాడు కాదు. ఇంకో ఊరు వెళ్ళి చెక్కించుకోమనేవాడు. డియరెస్ట్‌కు లొంగినవాడు బెస్ట్‌కు ఎందుకు లొంగడో ఎవరికీ అంతుపట్టలేదు. చాదస్తానికి కారణాలు వెతికేదెవరు?

హెస్టర్ ఆ షెడ్డులో చేరిన పద్నాలుగో ఏట, పందొమ్మిదేళ్ళ ఆమె కొడుకు రోలాండ్ రాతి అంచున నిలబడి చేపలు పడుతుండగా అల వచ్చి తీసుకుపోయింది. శవం మూడో నాటికి దొరికింది.

ఆరు వారాలు గడిచాక ఆమె షెడ్డుకు వచ్చి, తన చేత్తో తానే గీసిన కాగితం ఆయన ముందు పెట్టింది. 'మా డియరెస్ట్' అని ఒక వరస. కింద కొడుకు పేరు. తోక మాట వరస చివరనే పెట్టింది, అడిగించుకోకుండా. తనతో మాత్రం వాదించడనుకుంది.

ఆంబ్రోస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మిసెస్ గాలప్. మీకు పిల్లలు ఇద్దరు."

"అయితే?"

"ఇద్దరున్నచోట పొడుగు తోక తగలదు. ముగ్గురైతేనే అది. ఇద్దరిలో ఒకరంటే 'డియరర్' అనాలి. ఫలానావాళ్ళ కంటే ప్రియమైన, అని." ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. "అది చెక్కమంటారా?"

"నాకు కొడుకు ఒక్కడే!"

"ఒక్కడే అయితే ఏ తోకా అక్కర్లేదు. పోటీ ఎవరితో?"

హెస్టర్ చేతికందిన కొయ్యసుత్తి విసిరింది. అది గోడకు తగిలి సున్నం రాలింది. "నా బిడ్డ రాయి మీద నాకు వ్యాకరణం చెప్పకండి టిజ్జర్డ్‌గారూ! చెక్కుతారా, ఇంకొకరి దగ్గరికి పొమ్మంటారా?"

ఆయన సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "సరే. మీ ఇష్టం."

రాయి లేచింది. తెల్లటి సున్నపురాతిలో నల్లరంగు నింపిన అక్షరాలు. ఆ సాయంత్రమే మ్యూరియల్ గిన్నెలు తుడుస్తూ ఆ ప్రశ్న అడిగింది.  మ్యూరియల్ రెండోసారి అడగలేదు. ఆ ఏడే నర్సు చదువుకని సౌతాంప్టన్ వెళ్ళిపోయింది. సెలవులకు వచ్చేది, ఆదివారం తల్లితో చర్చి గేటు దాకా నడిచేది. లోపల సమాధుల వైపు మాత్రం అడుగు పెట్టేది కాదు.

"గడ్డి తడిగా ఉందమ్మా, బూట్లు పాడవుతాయి. నువ్వెళ్ళిరా."

ఆగస్టు నెలలో, మూడు వారాలుగా చినుకు లేక గడ్డి పచ్చదనం పోయి చీపురులా ఎండినప్పుడు కూడా బూట్లు తడుస్తాయనే చెప్పేది. హెస్టర్ ఒక్కతే వెళ్ళి, పువ్వులు పెట్టి, తిరిగి వచ్చేది. ఇద్దరూ ఇంటికి నడుస్తూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. వాతావరణం గురించి ఆ తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నంతగా రేడియోవాళ్ళు కూడా మాట్లాడి ఉండరు. పద్నాలుగేళ్ళు రోలాండ్ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పద్నాలుగో వసంతంలో ఒక ఉదయం, హెస్టర్ బ్రష్షుతో రాతి మీది పాచి తోముతూ ఉండగా ఏదో తేడా కనిపించింది. తడిగుడ్డతో తుడిచింది. కళ్ళద్దాలు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. 'డియర్' ఉంది. చివరి మూడక్షరాలు లేవు. వేలు పెట్టి తడిమితే చర్మం మడతంత పల్లం తగిలింది, అంతే. మిగతా అక్షరాలు నిన్న చెక్కినట్టు గోరు దిగేంత లోతుగా ఉన్నాయి.

ఆమె లేచి రిడౌట్‌గారి రాయి దగ్గరికి వెళ్ళింది. 'కైండెస్ట్' తోక గాలికి సగం అరిగి ఉంది. ఇంకో రాయి. ఇంకోటి. కొన్నిటి మీద వరస మొదట 'మోస్ట్' ఉండాల్సిన చోట నున్నటి బోడి రాయి. షెడ్డు నుంచి బయటికి వెళ్ళిన తోక మాటలన్నీ ఆమే గీసింది, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే ఎగిరిపోతున్నాయి. తోక పోయినచోట మాట నిక్షేపంగా నిలబడి ఉంది. అప్పుడు తెలిసింది 'బెస్ట్' ఎందుకు చెక్కడో. దాని తోక పోతే మిగిలేది ఒంటి 'బి'.

గోడవారన ఒక పాత రాయి దగ్గర ఆమె ఆగింది. ఆంబ్రోస్ అన్న రూబెన్‌ది. చిన్నతనంలో పోయాడు. వాళ్ళ నాన్నే చెక్కాడు: కొడుకుల్లోకెల్లా బెస్ట్ అని. అరవై ఏళ్ళ సముద్రపు గాలి దాని మీద అంచు కూడా విరగ్గొట్టలేకపోయింది.

హెస్టర్ విసవిసా షెడ్డుకు వెళ్ళింది. డెబ్బై నాలుగేళ్ళ ఆంబ్రోస్ స్టూలు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

"ఎన్నాళ్ళకని లెక్కేశారు?"

ఆయన ఏమిటని అడగలేదు. రొట్టె పక్కన పెట్టాడు. "మీది గాలి ఎదురుగా ఉంది. పన్నెండు, పదిహేనేళ్ళు అనుకున్నాను. రిడౌట్‌గారిది చెట్టు చాటున పడింది, ఆలస్యమవుతోంది."

"తోకలు పైపైన గీకి, రంగు పూసి కప్పేశారు."

"అవును."

"ఇది మోసం టిజ్జర్డ్‌గారూ."

"అవునండీ."

"నన్నొక్క మాట అడగాలని అనిపించలేదా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"నన్ను కూడా ఆ గోతిలోనే పూడ్చమనేదాన్ని."

ఆంబ్రోస్ చేతికంటిన రొట్టె పొడి దులుపుకున్నాడు. "పోయిన కొత్తలో ఆ మాట కావాలి. అది లేకపోతే మనిషి నిలబడలేడు. తర్వాత్తర్వాత, బతికున్నవాళ్ళు కూడా వచ్చి చదవాలి కదా." స్టూలు మీంచి లేచి, "రూబెన్ రాయి మీద మా నాన్న చెయ్యి చాలా లోతు," అన్నాడు.

హెస్టర్‌కు ఏడుపొచ్చింది, ఏడుపు మీద కోపమొచ్చింది. "మళ్ళీ చెక్కండి."

"చెక్కుతాను. ఈసారి మిగతావాటితో సమంగా. ఇక ఎప్పటికీ పోదు."

"చెక్కండి."

"శనివారం వస్తాను."

శనివారం మ్యూరియల్ వచ్చే రోజని హెస్టర్‌కు గుర్తు లేక కాదు. గేటు దగ్గర ఎప్పటిలాగే ఆగుతుందిలే అనుకుంది. మ్యూరియల్ ఆగింది కూడా. "గడ్డి తడిగా..." అని మొదలుపెట్టింది. అప్పుడు హెస్టర్ తన నోటి నుంచి వచ్చిన మాట విని తానే ఆశ్చర్యపోయింది.

"తడిస్తే నా బూట్లు వేసుకో. నేను వట్టి కాళ్ళతో నడుస్తాను. రా."

"నీ కాలు నాకంటే చిన్నది కదమ్మా."

"అయితే వేళ్ళు ముడుచుకో. రా."

ఆంబ్రోస్ అప్పటికే రాయి ముందు గోనెసంచి పరిచి మోకాళ్ళ మీద ఉన్నాడు. అరిగిన చోట మూడక్షరాలూ పెన్సిలుతో సన్నగా గీసి ఉన్నాయి. ఉలి మొన మొదటి గీత మీద ఆనించి, సుత్తి ఎత్తకుండా, ఎవరివైపూ చూడకుండా ఆగాడు.

మ్యూరియల్ రాయి చదివింది. ముందుకు వంగి మళ్ళీ చదివింది. ముప్పై దాటిన ఆ ముఖంలో ప్లేటు తుడుస్తున్న పిల్ల ఒక్క క్షణం కనిపించింది.

"ఇక్కడ ఇంకా ఏదో ఉండాలి కదమ్మా?"

హెస్టర్ చేతిరుమాలు తీసి, ఉమ్ముతో తడిపి, ఉలి పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, పెన్సిలు గీతలు తుడిచేసింది. తెల్లటి రాయి మీద బూడిదరంగు మరక మిగిలింది.

"ఏం లేదు. అంతే."

 మ్యూరియల్ గడ్డి మీద చతికిలబడి, తమ్ముడి తల నిమిరినట్టు అన్న పేరు మీద అరచెయ్యి ఉంచింది.

"వీడు నా సైకిలు విరగ్గొట్టాడు తెలుసా నీకు? నీకు చెబితే నా జడ కత్తిరిస్తానన్నాడు."

"రోలాండా? దానంతటది విరిగిందన్నాడే!"

"సైకిలు దానంతటది కొండ మీంచి దిగుతుందా అమ్మా? బేకరీ కిటికీలోంచి లోపలికి పోయింది."

"బేకరీ అద్దం పగలగొట్టింది వీడేనా? ఆ బేకరీవాడు ఏడాదిపాటు నన్ను ఎందుకలా చూసేవాడో అనుకున్నాను!"

"బన్నులు కూడా ఎత్తుకొచ్చాడు. నాకు సగం పెట్టాడు. అందుకే చెప్పలేదు."

హెస్టర్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కూతురి భుజం పట్టుకుని కూలబడింది. ఇంకా ఏమేం చేశాడో చెప్పమంది. మ్యూరియల్ చెప్పింది. ఇద్దరి బూట్లూ, గౌన్లూ మంచుకు తడిసిపోయాయి.

ఎంతసేపటికో హెస్టర్‌కు ఆంబ్రోస్ గుర్తొచ్చి, ఏదో అనాలని వెనక్కి తిరిగింది. గోనెసంచి లేదు. అది పరిచిన చోట గడ్డి ఇంకా అణగి ఉంది. పల్లం దారిన, రాతిగోడ పైనుంచి ఆయన టోపీ ఒక్కటీ మెల్లగా కదులుతూ కనిపించింది. అది ఆగలేదు, ఇటు తిరగలేదు. గోడ ఎత్తు పెరిగిన చోట ముందు సగమై, తర్వాత అంచు మాత్రమై, కనపడకుండా పోయింది.