సాంచాల మోతలో నా కమెడియన్

మా ఇంట్లో నాలుగు మరమగ్గాలుండేవి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. అవి నడుస్తున్నంతసేపు ఆ మోతలో మా అమ్మానాన్నలు అవ్వ, బాపు, నేను ముగ్గురం చేతిసైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. బాపు బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్లు, మూతి ముడిచి ఊదితే చాయ్.

పదో తరగతిలో ఇయర్‌ఫోన్లు కొనివ్వమని అడిగాను. "వద్దు బిడ్డా, చెవులు ఖరాబైతయ్" అన్నాడు బాపు, ఆ నాలుగు సాంచాల మధ్యే నిలబడి, నా చెవిలో అరిచి. ఒళ్లు మండింది. అప్పట్నుంచి రీల్స్ అన్నీ మూగసినిమాల్లా చూశాను.

వాటిలో ఒక బట్టతల ఆయన నాకు తెగ నచ్చాడు. కళ్లురిమేవాడు, నెత్తి కొట్టుకునేవాడు, చేతులు జోడించి బతిమాలేవాడు. అంత మంచి కమెడియన్‌ను నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో వీడియో నాలుగేసి సార్లు చూసి నవ్వేదాన్ని. ఫోన్ కూడా మళ్లీమళ్లీ ఆయన్నే చూపించేది. రెండు నెలలకు అందులో ఇంకెవరూ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. వినబడుతుందేమోనని ఎప్పుడో ఫుల్లుగా పెట్టిన వాల్యూమ్‌లో ఆయన గొంతు మొదటిసారి విన్నాను: "తల్లిదండ్రులు చెమటోడుస్తుంటే పొద్దంతా ఫోన్ పట్టుకుని కూర్చోడానికి సిగ్గులేదా పిల్లలూ?"

నూలు కండెలు చుడుతున్న అవ్వ లేచి వచ్చింది. "ఎవలే గాయన? మంచిగ చెప్తుండు!"

బాపు చేతులు తుడుచుకుని ఫోన్ లాక్కున్నాడు. "జర నన్ను చూడనియ్."

కరెంటు తిరిగొచ్చింది. సాంచాలు మాత్రం నడవలేదు. పిల్లల చేత ఫోన్ ఎలా మాన్పించాలో చెప్పే ఆరో వీడియో చూస్తున్నాడు బాపు.